తిట్టుకి రేటు వేరు

కాశీబుగ్గలో చెప్పుల షాపు మేడ మీద
నా రికార్డింగు గది.
గోడలకి కోడిగుడ్ల అట్టలు, ఒక ఫ్యాను.
మాట పడేటప్పుడు ఫ్యాను కట్టేస్తాను.
తప్పిపోయిన మేకపిల్లకీ, పోయిన పెద్దమనిషికీ,
కిలో ముప్పయ్యి వంకాయలకీ నా గొంతే.
ఎలక్షన్లొస్తే రెండు జెండాలకీ నా గొంతే.
పొగడ్త అయితే నిమిషానికి నాలుగొందలు.
తిట్టుకి రేటు వేరు.
తిట్టులో నవ్వు కలపాలి, వెనకాల డప్పు వెయ్యాలి,
"ఔనా?" అని మధ్యలో ఒక ఆడగొంతు అడగాలి.
ఆ ఆడగొంతూ నాదే.

పద్నాలుగో వార్డుకి చదివాను మొన్న:
"సంఘం సొమ్ము రెండు లక్షలు మింగిన
నల్లచేతుల బమ్మిడి దమయంతి!
అక్కలారా, మీ పెట్టె తాళం జాగ్రత్త!"
తాళం పడిన చప్పుడు నా సొంత ఆలోచన.
బాగా వచ్చింది.
మూడు ఆటోలు మూడు రోజులు తిప్పారు.

నాలుగో రోజు సాయంత్రం ఆవిడే మెట్లెక్కింది.
జీడి బట్టీ నుంచి నేరుగా వచ్చినట్టుంది,
జుట్టులో పొట్టు,
మణికట్టు దాకా నలుపు, పిక్కల నూనె తిన్న నలుపు,
బూడిద రుద్దినా కిరసనాయిలు రుద్దినా పోనిది.
తగువుకొచ్చిందనుకుని కుర్చీ వెనక్కి జరుపుకున్నాను.
"బావూ, నాదీ ఒకటి కొట్టాల. ఎంతవుద్ది?"

ధైర్యం వచ్చింది. వ్యాపారం గుర్తొచ్చింది.
అవతలోడి గుట్టు నా దగ్గర మూడు రకాలుంది,
పర్లాకిమిడి రోడ్డులో రెండో కాపురం దగ్గర్నుంచి.
"రేటు తగ్గిస్తానమ్మా, డప్పు ఫ్రీ" అన్నాను.
"ఆడి కాపరం ఆడి పెళ్లాం సూసుకుంటాది,
వార్డుకేటి పని?
నాను సెప్తాను, నువ్వు మిసను తిప్పు."

మైకుని స్టాండు మీద ఉండనివ్వలేదు.
రోకలి పట్టినట్టు రెండు చేతులా పట్టుకుంది.

"నాను దమయంతిని.
ఆటోలో సెప్పినోడు లెక్క తప్పు సెప్పినాడు.
రెండు లచ్చలు కాదు, పద్దెనిమిది వేలు.
తుఫాను యేడు మా ఇంటాయనకి రగతం కడిగించడానికి
వారానికి రెండుపాల్లు బస్సెక్కీవోలం.
సంఘం పెట్టె నాకాడుండీది.
అడక్కుండా తీసీసినాను. తప్పే.
ఆయన పోయినాక పిక్కలు కొట్టి తీర్సినాను.
ఇంకా ఆరొందలుంది.
నల్లసేతులన్నాడు, అది మటుకు నిజిం.
మీవి తెల్లగుంటే నాకు ఓటెయ్యకండి."

మధ్యలో దగ్గింది. కోసేస్తానన్నాను.
"ఉండనీ. దగ్గు నాదే కద."
ఫ్యాను కట్టడం మర్చిపోయాను, అదీ పడింది.

ఇక్కడో మాట దాచాను.
ఆ సంఘంలో మా అమ్మ ఉంది.
పద్దెనిమిది వేలూ, నెలనెలా తీరిన వాయిదాలూ
మా ఇంట్లో అన్నం దగ్గర విన్నవే.
రెండు లక్షలని చదివిన రోజు
లెక్క తెలియక కాదు.

రైలు గేటు దగ్గర రెండు ఆటోలూ పక్కపక్కన ఆగాయి.
ఒకదాంట్లో నా నవ్వు, ఒకదాంట్లో ఆవిడ దగ్గు.
గూడ్సు బండి ఎంతకీ తెగలేదు.
పొత్తులు కాల్చే మనిషి విసనకర్ర ఆపి
నా గొంతు తిప్పుతున్న కుర్రాడితో అంది:
"ఒరే, నీది కాసేపు కట్టీ."

మర్నాడు అవతలోడి మనుషులొచ్చారు.
"దగ్గుని వెక్కిరిస్తా ఒకటి కావాల. డబలిస్తాం."
డబల్ తీసుకున్నాను, అబద్ధమెందుకు.
మైకు దగ్గరికి లాక్కుని నోరు ఆనించాను.
స్పాంజిలో జీడినూనె వాసన.
మొదటిసారి చదివింది వాళ్ళకి నచ్చలేదు,
పొద్దున్న మళ్ళీ చదవమన్నారు.
తెల్లారేసరికి పెదవులు రెండూ పొక్కిపోయి ఉన్నాయి.

ఎదురుగా బల్ల మీద కూర్చున్నారు, టీ తాగుతున్నారు.
కాగితం ఆవిడ పేరుతోనే మొదలవుతుంది.
పలికి చూడండి,
బమ్మిడి దమయంతి.
పెదవులు మూడుసార్లు కలవాలి.